అందించిన మాట

కూరగాయల కొట్టులో ఒక ముసలావిడ సంచి చాపి, "బాబూ, నాకో నాలుగు…" అని ఆగింది.

"వంకాయలు," అన్నాడు వెనక నిలబడ్డ మనిషి.

అరిచి అనలేదు. గొణగనూ లేదు. మెత్తగా, సూటిగా, ఆవిడ చెవి దాకా మాత్రమే వెళ్ళేలా అన్నాడు. "వంకాయలు," అంది ముసలావిడ. కొట్టువాడు ఏరి సంచిలో వేశాడు. ఆవిడ వచ్చింది నిమ్మకాయల కోసం. ఇంటికి వెళ్ళి సంచి బోర్లించాక గాని ఆ సంగతి గుర్తుకు రాలేదు. అప్పుడు తన మతిమరుపుని తిట్టుకుంది. పాపం, తప్పు ఆవిడది కాదు.

ఆ వెనక నిలబడ్డ మనిషిని అందరూ గుసగుస అంటారు. నాటకాల కంపెనీలో ప్రాంప్టరు. పక్క తెర వెనక పీట మీద కూర్చుని, ఒళ్ళో నాటకం పుస్తకం పెట్టుకుని, వేషగాడు మాట మరిచిపోయిన క్షణాన దాన్ని అందించడం అతని పని. అందించిన మాట వేషగాడికి వినబడాలి, ముందు వరసలో కూర్చున్నవాడికి వినబడకూడదు. గట్టిగా మాట్లాడటం గాడిదకి కూడా వస్తుంది. ఇలా మాట్లాడటం ఆ చుట్టుపక్కల ఇతనొక్కడికే వచ్చు. ఇతను అందించాడంటే వేషగాడు ఆలోచించడు. చెవిలో పడ్డది నోట్లోంచి వచ్చేస్తుంది.

దానికి తోడు ఇంకో కిటుకు తెలిసుండాలి. మరిచిపోయి ఆగినవాడెవడో, కావాలని ఆగినవాడెవడో పోల్చుకోవాలి. ఏడుపు సీనులో గొంతు పూడిపోయినట్టు నటిస్తూ ఆగినవాడికి మాట అందిస్తే, ఆట అయ్యాక వాడు చెప్పు చేతిలో పట్టుకుని వెతుక్కుంటూ వస్తాడు. గుసగుస భుజం చూస్తాడు. మరిచిపోయినవాడి భుజం కాస్త జారుతుంది. కావాలని ఆగినవాడిది జారదు. తెర వెనక ఈ లెక్క అతనికి ఎప్పుడూ తప్పలేదు.

ఆ కంపెనీలో రాజు వేషాలు కట్టేవాడికి వచ్చిన విద్యలు రెండు. నడవడం, అలగడం. మిగిలినదంతా గుసగుసే. చప్పట్లు మాత్రం రాజావారికి. "నీకు కడుపుమంటగా ఉండదా?" అని ఎవరో అడిగారు. "మంటెందుకు? ఆ చప్పట్లు నా మాటలకేగా," అన్నాడు. ఆ మాటలు రాసినవాడు ఇంకొకడున్నాడని అతనికి తోచలేదు. పని మీద ప్రేమ మనిషిని అంత గుడ్డివాణ్ణి చేస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే, తెర దించాక కూడా అతని నోరు పనిలోనే ఉండేది. డాక్టరు "మీకు వచ్చింది…" అని ఆగితే రోగం పేరు తనే చెప్పేవాడు. బస్సు కండక్టరు "ముందుకి…" అంటే "జరగండి" అనేవాడు. ఎవరిదో సంతాప సభలో ఒక పెద్దమనిషి "ఆయన లేని లోటు…" అంటూ ఏడుపొచ్చి ఆగితే, "తీర్చలేనిది" అని అందించాడు. ఆ పెద్దమనిషికి ఏడుపు మళ్ళీ రాలేదు. గుసగుసని ఆ తర్వాత సంతాపాలకి పిలవలేదు.

భార్య ఒక్కతే అతన్ని లొంగదీసింది. "ఆ డబ్బా ఇలా…" అని ఆవిడ ఆగితే, "ఇవ్వు" అని అందించేవాడు. "కాదు, అక్కడే ఉండనీ," అనేది. లేచి తనే తెచ్చుకునేది గాని, అతను అందించిన మాట పుచ్చుకునేది కాదు. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ తర్వాత అతన్ని ఆపేవాళ్ళు లేరు.

ఇంట్లో ఇప్పుడు ఇద్దరున్నారు. అక్క, కూతురు.

అక్క హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. తన పని మీద ఆవిడకి ఏ భ్రమా లేదు. "ముక్కూ మొహం తెలియనివాళ్ళు దొర్లే దుప్పట్లకి మడతలు తీస్తాను. తెల్లారేసరికి మళ్ళీ నలిపి నా మొహాన కొడతారు. దీన్ని పని అనరు, పగ అంటారు," అనేది. అలాగని ఇంట్లో ఎవరైనా దుప్పటి వంకరగా మడిస్తే చూస్తూ ఊరుకోలేదు. లాక్కుని విప్పి మళ్ళీ మడుస్తుంది.

కూతురు బల్బుల ఫ్యాక్టరీలో. రోజంతా బల్బుల్ని అట్టపెట్టెల్లో పెడుతుంది. ఇన్ని బల్బులు ఆమె చేతుల మీదుగా పోయాయి, ఒక్కటి కూడా వెలగగా చూడలేదు. ఇంటికి వచ్చి చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. "ఏమే, ఇవాళ ఎలా గడిచింది?" అని అత్త అడిగితే, "ఒక్కటీ పగల్లేదు," అనేది. అంతే.

అలాంటి పిల్లకి ఒక రోజు నోరు వచ్చింది. నాటకం మధ్యలో రాజావారు అలిగి సింహాసనంలో కూలబడితే దాని కాలు విరిగింది. బాగు చేయించమని కంపెనీవాళ్ళు గుసగుసకి అప్పగించారు. అతను కూతురికి అప్పగించాడు. ఆమె దాన్ని వంతెన అవతల కుర్చీల మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళి, బాగయ్యేదాకా పక్కనే నిలబడి చూసింది. ఆ రాత్రి అన్నం తింటూ, చెక్కకి వాలు ఉంటుందనీ, వాలుకి ఎదురెళ్ళి చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయనీ, మేకు లేకుండా రెండు ముక్కల్ని ఎలా బిగిస్తారో చేతులతో చూపిస్తూ ఆగకుండా మాట్లాడింది. గుసగుస ఒక్క ముక్క అందించలేకపోయాడు. ఆమె ఎక్కడా ఆగలేదు.

సింహాసనం కంపెనీకి తిరిగి వచ్చేసింది. కూతురు మాత్రం సెలవు దొరికినప్పుడల్లా వంతెన దాటేది. మేస్త్రీ ఆమె చేతికి గరుకు కాగితం ఇచ్చాడు. తర్వాత ఉలి ఇచ్చాడు. ఇప్పుడు పనిలోకి తీసుకుంటానన్నాడు. పని పొద్దున్న మొదటి బస్సు రాకముందే మొదలవుతుంది కాబట్టి పనిశాల మీది గదిలోనే ఉండాలి.

అయితే ఆ మేస్త్రీకి ఒక పద్ధతుంది. ఎవర్ని పనిలో పెట్టుకున్నా వాళ్ళింటికి తనే వెళ్ళి, ఇంటి పెద్ద ఎదుట కూర్చుని, తన నోటితో చెప్తాడు. చెప్తేనే పని. చెప్పకపోతే లేదు. వాళ్ళ నాన్న అలాగే చేశాడట, తాత అలాగే చేశాడట. మాటలు రాని వంశం ఇలాంటి ఆచారం ఎందుకు పెట్టుకుందో ఎవరికీ తెలియదు.

మేస్త్రీ వచ్చే ముందు రోజు కూతురు తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నాన్నా, రేపు మేస్త్రీగారు వస్తున్నారు."

"తెలుసు."

"ఆయన చాలా మెల్లిగా మాట్లాడతారు."

"తెలుసే."

"తెలుసనకు. నీకు తెలియదు. ఆయన ఒక ముక్క అని రెండో ముక్క అనేలోపు నేను ఒక పలక మొత్తం రుద్దేస్తాను. మధ్యలో నువ్వు…"

"అందించకూడదు."

కూతురు నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది. "చూశావా!"

"ఇప్పుడేమన్నానే?"

"వాడి నోట్లో బిస్కెట్టు కుక్కి కూర్చోబెడదాం లేవే," అంది అక్క, దుప్పటి మీంచి తల ఎత్తకుండా. "ఒకటి అయ్యేసరికి ఇంకోటి. ఎన్ని కావాలో అన్ని నేను అందిస్తాను. ఒక్కసారన్నా వీడికి ఇంకొకళ్ళు అందించాలిగా."

గుసగుస సరేనన్నాడు. కూతురు వంతెన అవతలికి వెళ్ళిపోవడం గురించి మాత్రం అతను వద్దనలేదు, సరే అనీ అనలేదు. అక్కడ అనడానికి అతని దగ్గర మాట లేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ వచ్చాడు. పెద్ద శరీరం, పెద్ద చేతులు, ఎంత కడిగినా కనుబొమల్లోంచి పోని రంపపు పొట్టు. కూర్చోబోయే ముందు కుర్చీ వీపు మీద బొటనవేలితో తడిమి, అటూ ఇటూ ఊపి చూశాడు. ఆ కుర్చీ గురించి ఏమీ అనలేదు. అనకపోవడమే మర్యాద. అంచు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"నేను…" అన్నాడు.

గుసగుస బిస్కెట్టు కొరికాడు.

"…వచ్చిన పని ఏమిటంటే…"

రెండో బిస్కెట్టు. కూతురు గోడకి ఆనుకుని తండ్రి నోటినే చూస్తోంది. ఎక్కడో వీధిలో ఎవరో సైకిలుకి గాలి కొట్టడం మొదలుపెట్టి, రెండు చక్రాలకీ కొట్టేసి, ఎక్కి వెళ్ళిపోయారు. అక్క పళ్ళెం ముందుకి తోసింది. మూడోది. అదే ఆఖరిది. ఇంత సేపు పడుతుందని ఎవరు అనుకుంటారు?

"మీ అమ్మాయిని…" అన్నాడు మేస్త్రీ.

ఆగాడు. నేల చూశాడు. పెదవి తడుపుకున్నాడు. భుజం జారింది.

గుసగుస నోట్లో బిస్కెట్టు అయిపోయింది. ఎదురుగా ఒక మనిషి కుర్చీ అంచున కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య ఉన్నాయి. నోట్లోంచి "మీ అమ్మాయిని" అని వచ్చింది. భుజం జారింది. కంపెనీ ఆడిన నాటకాలన్నిటిలోనూ ఈ ఘట్టం ఉంది, దీని తర్వాత మాటా ఒకటే ఉంది. అది అతని మెదడు దాకా పోలేదు. నేరుగా నోటికి వచ్చింది.

"పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను."

"పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను," అన్నాడు మేస్త్రీ.

ఇంత పొడుగు మాట గడగడా అనేసినందుకు అతని మొహంలో ఒక్క క్షణం సంతోషం కనిపించింది. ఆ తర్వాత తనేమన్నాడో తనకి వినబడింది.

"కాదు," అన్నాడు. లేచాడు. "నాకు…"

"పెళ్ళయింది కదండీ," అంది అక్క. ఆ ఇంట్లో ఈ జబ్బు అంటువ్యాధి అయినట్టుంది.

"మా ఆవిడ…" అన్నాడు మేస్త్రీ. ఆ వాక్యం పూర్తి చేసే ధైర్యం అతనికి లేదు. గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. అంత బరువైన మనిషి అంత త్వరగా నడవగలడని ఎవరూ అనుకోరు.

కూతురు అరవలేదు. అరిచినా బాగుండేది.

"కావాలనే చేశావు," అంది.

"లేదే! భుజం జారింది."

"భుజమా?"

"మరిచిపోయాడనుకున్నాను."

"ఆయన మరిచిపోలేదు నాన్నా. ఆయన మాటే అంత. నా పని నీ నోట్లో పడి పోయింది."

లోపల గదిలోంచి వింత చప్పుడు వస్తోంది. అక్క లోపలికి పోయి, దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "ఒరేయ్ తమ్ముడూ," అంది కాసేపటికి బయటికి వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ. "ఆయన పెళ్ళాన్ని నువ్వు చూడలేదు. ఆవిడ చూస్తే చాలు, చెక్క దానంతట అదే రెండు ముక్కలవుతుంది."

కూతురు నవ్వలేదు. మర్నాడు మళ్ళీ బల్బుల దగ్గరికి పోయింది. తండ్రితో మాట మానేసింది.

"అత్తా, టీ చల్లారిపోతోందని ఆయనకి చెప్పు."

"ఆయనెవరే? మీ నాన్నా?"

"ప్రాంప్టరుగారు."

ఇలా నడిచింది. ఒక సాయంత్రం కూతురు ఫ్యాక్టరీ నుంచి అటే వంతెన దాటి వెళ్ళి వచ్చింది. ఆమెని చూడగానే మేస్త్రీ బీరువా వెనక్కి వెళ్ళిపోయాడట. పిలిచినా రాలేదట. ఆయన భార్య బీరువానీ, ఆమెనీ మార్చి మార్చి చూసిందట. ఈ ఆదివారం ఇంకెవరింటికో వెళ్ళి చెప్పబోతున్నాడని అక్కడ పనిచేసేవాళ్ళు అన్నారట. ఇదంతా కూతురు అత్తతో చెప్పింది, తండ్రికి వినబడేంత గట్టిగా. చెప్పి, అట్టపెట్టె మడిచినట్టు తన తువ్వాలు నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టింది. ఆ మడత చూశాక గుసగుసకి అన్నం దిగలేదు.

శనివారం పొద్దున్న అతను వంతెన ఎక్కాడు. ఏమని చెప్పాలో దారిలో అనుకుంటూ వెళ్దామనుకున్నాడు. "నా అపరాధాన్ని మన్నించండి" అనుకున్నాడు. అది మంత్రి మాట. "ఈ పాపి మొహం చూడకండి" అనుకున్నాడు. అది మూడో అంకంలో దొంగ మాట. "నేనేమీ ఎరుగను" అనుకున్నాడు. అది చెలికత్తెది. వంతెన అయిపోయింది. ఇన్ని మాటలు ఇంతమందికి అందించినవాడికి తనవి అంటూ ఒక ఉప్పురాయంత కూడా మిగల్లేదు.

పనిశాల గుమ్మంలోనే మేస్త్రీ భార్య కుర్చీకి వార్నిషు పూస్తోంది. సన్నటి మనిషి. కుంచె పట్టుకున్న చెయ్యి ఎక్కడా తడబడటం లేదు.

"ఏం కావాలండీ?"

"మేస్త్రీగారు…"

"ఉన్నారు. ఏమండీ! మీకోసం ఎవరో వచ్చారు."

లోపల చిత్రిక పడుతున్న చప్పుడు ఆగింది. మేస్త్రీ వచ్చాడు. వచ్చినవాణ్ణి చూశాడు. బీరువా వైపు ఒక అడుగు వేశాడు గాని, భార్య మధ్యలో ఉంది.

"ఎవరండీ ఈయన?" అంది ఆవిడ.

"ఈయన…" అన్నాడు మేస్త్రీ. ఆగాడు.

గుసగుస నాలుక కదిలింది. గబుక్కున చేత్తో నోరు మూసుకున్నాడు.

"పంటి నొప్పా?" అంది మేస్త్రీ భార్య.

అతను తల అడ్డంగా ఊపాడు. చెయ్యి తీశాడు. "నేను…" అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. ఏమీ రాలేదు. ఒళ్ళో నాటకం లేదు. పక్క తెర వెనక పీట మీద ఎవరూ లేరు.

"మంచం చేయించుకోవాలా? కుర్చీలా? పాతది బాగు చేయాలా?" అంది ఆవిడ.

మేస్త్రీ చెయ్యి ఎత్తాడు. "చెప్పనీ," అన్నాడు.

ఒక దుంగ మీద కూర్చున్నాడు. జిగురు ఆరేదాకా ఎదురుచూడటం అలవాటైన మనిషి. తొందర పెట్టడు, ఇంకెటో చూడడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఉన్నాడు.  ఇంత సేపు తనకోసం ఎవరూ ఆగలేదు. తను మాత్రం ఎవరికోసం ఆగాడు గనక?

"తప్పు నాది," అన్నాడు చివరికి. గొంతు తనకే కొత్తగా వినబడింది. మెత్తగా లేదు, సూటిగానూ లేదు. "ఆ మాట మీరనలేదు. నేను అనిపించాను. ఎవరు మాట మధ్యలో ఆగినా నా నోరు ఊరుకోదు. నా బతుకుతెరువు అది. దాన్ని మీ మీద వాడాను. మా అమ్మాయి పని పోతుంది."

"ఏ మాట?" అంది మేస్త్రీ భార్య.

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. గుసగుస చెప్పాడు. కుర్చీ అంచు, బిస్కెట్లు, భుజం, పెళ్ళి, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆవిడ భర్తనే చూసింది. కుంచెలోంచి వార్నిషు చుక్క చుక్కగా నేల మీద పడింది. ఆ తర్వాత కుంచె డబ్బాలో పెట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, గుమ్మం మీద కూర్చుండిపోయింది. ఏడుస్తోందనుకున్నాడు గుసగుస. ఆవిడకి నవ్వు ఆగటం లేదు.

"ఈయనా! ఈయన ఆ మాట గడగడా అన్నాడా!" అంది ఊపిరి అందాక. "నన్ను చేసుకుంటానని చెప్పడానికి మా ఇంటికి పొద్దున్న వచ్చాడండీ. ఈయన ఎదురుగా కూర్చుని కూర్చుని మా నాన్న నిద్రపోయాడు. ఆఖరికి మధ్యాహ్నం భోజనం కూడా పెట్టాక మా అమ్మే విసిగిపోయి, 'సరే చేసుకో' అంది. అప్పుడు మీరు ఎక్కడున్నారు అన్నయ్యగారూ? మీరుంటే మాకు ఒక పూట భోజనం ఖర్చు కలిసొచ్చేది."

"నువ్వు…" అన్నాడు మేస్త్రీ భార్యతో.

"కోప్పడతాననుకున్నారా? అందుకా ఈ వారమంతా కంచంలో కెలికి లేచిపోయారు? పళ్ళు ఊడుతున్నాయేమో అనుకుని జావ కాచి పోశాను కదా!"

మేస్త్రీ మొహం ఎర్రబడింది. నవ్వు మాత్రం చెవుల దాకా పాకింది.

"మరి అమ్మాయి సంగతి?" అన్నాడు గుసగుస. "రేపు ఇంకెవరింటికో వెళ్తున్నారని…"

"వెళ్ళాలని…" అన్నాడు మేస్త్రీ. ఇద్దరూ ఆగారు. "…లేదు."

"లేకపోతే లేచి పదండి. ఇవాళే చెప్పేద్దాం," అంది భార్య చేతులు తుడుచుకుంటూ. "నేనూ వస్తాను. ఈసారి ఎవర్ని చేసుకుంటానంటారో నా చెవులతో వినాలి."

శనివారం బల్బుల ఫ్యాక్టరీ ఒంటిపూటే. వీళ్ళు ముగ్గురూ వెళ్ళేసరికి కూతురు ఇంట్లోనే ఉంది. మేస్త్రీని చూసి నిలబడింది. తండ్రిని చూసి చూపు తిప్పుకుంది. మేస్త్రీ భార్యని చూసి అక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, ఉన్న కుర్చీల్లో గట్టిది ఆవిడకి వేసింది.

"బిస్కెట్లు లేవు," అంది తమ్ముడి చెవిలో.

"అక్కర్లేదు," అన్నాడు.

మేస్త్రీ కూర్చున్నాడు. అదే కుర్చీ, అదే అంచు. చేతులు మోకాళ్ళ మధ్యకి వెళ్ళాయి.

"మీ అమ్మాయిని…" అన్నాడు.

ఆగాడు. పెదవి తడుపుకున్నాడు. భుజం జారింది.

గుసగుస ఆ భుజాన్ని చూశాడు. నాలుక చివర మాటలు వరసలో నిలబడ్డాయి. పనికి పంపండి. మా దగ్గర పెట్టుకుంటాం. మీ పిల్లలా చూసుకుంటాం. ఏదైనా సరిపోతుంది. ఏది అందించినా ఆ మనిషి అనేస్తాడు, పని అయిపోతుంది, పిల్లకి ఉద్యోగం వస్తుంది. పళ్ళు బిగించి కూర్చున్నాడు. అక్క కుర్చీ చెయ్యి పట్టుకుంది. కూతురు తండ్రి దవడ చూస్తోంది. అది రాయిలా ఉంది. భుజం ఇంకా జారింది. ఇంత జారిన భుజం ఏ వేషగాడికీ అతను చూడలేదు. అప్పుడు తెలిసింది, ఈ మనిషి మరిచిపోయి ఆగలేదు, కావాలనీ ఆగలేదు. మోయలేనిదేదో ఎత్తుకోవడానికి వంగాడు.

"…పనిలో పెట్టుకుని నేర్పిస్తానని చెప్పడానికి రాలేదు," అన్నాడు మేస్త్రీ. "పని ఆమెకి వస్తోంది. నేను… నాకు కళ్ళు తగ్గాయి. రెండు ముక్కలు బిగించాక మధ్య సందు ఉందో లేదో నాకు కనపడటం లేదు. వేలితో తడిమి చూసుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆమె ఒకసారి పక్కన నిలబడి, 'ఇక్కడ వెంట్రుకంత ఉంది మేస్త్రీగారూ' అంది. నవ్వలేదు. ఇంకెవరితోనూ అనలేదు. నాకు ఆ కళ్ళు కావాలి. పంపండి."

 మేస్త్రీ భార్య మొహంలో నవ్వు పోయింది. లేచి వెళ్ళి భర్త కుర్చీ వెనక నిలబడి, అతని చొక్కా కాలరు మీద లేని పొట్టు దులిపింది.

"ఇంట్లో చెప్పడానికి ఏం రోగం?" అంది మెల్లిగా.

"చెబుదామనే…" అన్నాడు మేస్త్రీ. ఆవిడ ఆ మాట పూర్తి చేయమని అడగలేదు.

గుసగుస ఆ మాటలు తన దగ్గరున్న నాటకాలన్నిటిలోనూ వెతుక్కున్నాడు. ఎక్కడా లేవు. ఇవి అందించగలిగినవి కావు.

ఇప్పుడు అందరూ అతన్ని చూస్తున్నారు. ఇంటి పెద్ద జవాబు చెప్పాలి. అతను నోరు తెరిచాడు. మూశాడు. కూతురు కనురెప్ప వేయకుండా చూస్తోంది. వంతెన అవతలి గది, పొద్దున్నే మొదలయ్యే పని, ఇక్కడ భోజనాల దగ్గర ఖాళీ పీట, ఇవన్నీ అతని కళ్ళ ముందుకి వచ్చాయి. అక్క పెదవులు కదిలాయి. కూతురు చెయ్యి ఎత్తి అత్తని ఆపింది.

"అత్తా, నాన్నని చెప్పనీ."

వారం తర్వాత ఆమె నోటి నుంచి నాన్న అన్న మాట వచ్చింది. దానితో అతనికి దారి దొరికింది.

"తీసుకెళ్ళండి," అన్నాడు. "నాకు మనసొప్పటం లేదు. అయినా తీసుకెళ్ళండి. ఈ పిల్ల బల్బుల గురించి ఒక్కరోజు మాట్లాడలేదు. మీ కుర్చీ గురించి అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడింది. వారానికోసారి మాత్రం ఇంటికి పంపండి. ఏం చేసిందో వింటాను. ఊరికే వింటాను."

"వింటాడట!" అంది అక్క. "ఇదెవరు రాశార్రా నీకు?"

"ఎవరూ రాయలేదు."

"అదీ అనుకున్నా. ఒక్క ముక్క కూడా పద్యంలా లేదు." అని ముక్కు ఎగబీల్చి, ఇస్త్రీ చేసిన దుప్పట్లలోంచి ఒకటి లాగి కూతురి చేతుల్లో పెట్టింది. "హోటలువాళ్ళది. ఒకటి తక్కువైందని వాళ్ళకి తెలియదు. ఆ గదిలో పరుపు ఎలా ఉంటుందో ఏమో. వంకరగా మాత్రం మడవకు."

మేస్త్రీ భార్య మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. ఈసారి కూతురూ నవ్వింది. నవ్వుతూనే గూట్లోంచి దువ్వెన, తువ్వాలు, చెక్కపొట్టు అంటిన పాత చొక్కా తీసి సంచిలో వేసింది. బల్బుల ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చిన చేతి తొడుగులు తీసి చూసి, మళ్ళీ గూట్లో పడేసింది. సంచి భుజానికి తగిలించుకుని గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటోంది. మేస్త్రీ భార్యకి ఇంకా టీ కూడా ఇవ్వలేదు.

"పని సోమవారం నుంచమ్మా," అన్నాడు మేస్త్రీ.

ఆ మాట మాత్రం ఆయన ఎక్కడా ఆగకుండా అన్నాడు.